ఒగ్గుకథ క్యాసెట్లు, బతుకమ్మ లైవ్: ఎన్‌కోడింగ్‌కు ఎక్కడ తొందర, ఎక్కడ అక్కర్లేదు

వరంగల్ వైపు ఇండ్లల్లో దాచిన ఒగ్గుకథ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. టేపు నుంచి శబ్దం పట్టుకోవడం ఒకటి, దాన్ని ఎంపీ3గా కుదించడం, అంటే ఎన్‌కోడింగ్, మరొకటి. టేపు నడిచినంత సేపూ కూర్చోవాల్సింది మొదటిదానికే: సి-60 అయితే పక్కకు 30 నిమిషాలు, సి-90 అయితే 45.

ప్లేయర్‌లో శబ్దం బయటికొచ్చే లైన్-అవుట్ సాకెట్‌ను కంప్యూటర్‌లో దాన్ని తీసుకునే లైన్-ఇన్ సాకెట్‌కే కలపండి. మైక్ సాకెట్‌కు కలిపితే సిగ్నల్ ఎక్కువై శబ్దం పగులుతుంది. ల్యాప్‌టాప్‌కు లైన్-ఇన్ లేకపోతే, అది ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలి. శబ్దం రికార్డు చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టండి. డోలు గట్టిగా మోగే చోట లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. మీటరు పైహద్దు అయిన సున్నా దగ్గర కోసుకుపోయిన శబ్దాన్ని తర్వాత పూర్తిగా బాగుచేయలేం. కుదించని వేవ్ ఫైలుగానే దాచండి, గంటకు దాదాపు 635 ఎంబీ అవుతుంది. పట్టుకుంటూనే ఎంపీ3 చేయాలనుకోవద్దు. మధ్యలో విండోస్ అప్‌డేట్ మొదలై మెషిన్ తడబడితే ముక్కలు ఎగిరిపోతాయి, టేపేమో ఆగదు.

ఫైలు చేతికొచ్చాక ఇక గడియారంతో పని లేదు. మామూలు ల్యాప్‌టాప్ గంట పాటను కొద్ది నిమిషాల్లోపే కుదిస్తుంది. పాత మెషిన్‌కు ఎక్కువ సేపు పట్టినా అదే ఎన్‌కోడర్, అవే సెట్టింగులైతే నాణ్యత తగ్గదు. ఎంపీ3 బిట్‌రేటు, అంటే ఒక్కో సెకనుకు వాడే డేటా, 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అయితే గంటకు దాదాపు 58 ఎంబీ. భద్రపరచడానికైతే ఏ శబ్దమూ పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్ మేలు. ఫైళ్లను జిప్ చేయడానికీ తొందర అక్కర్లేదు: రాత్రి పెట్టి పొద్దున చూసుకోవచ్చు.

వేయి స్తంభాల గుడి దగ్గర సద్దుల బతుకమ్మను లైవ్ ఇచ్చేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. ఒక సెకను వీడియో సెకనులోపే ఎన్‌కోడ్ కావాలి. ఎన్‌కోడింగ్ చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ చూపే స్పీడు 1ఎక్స్ కంటే కిందే ఉండిపోతే వెనకబడుతున్నట్టే. డేటాను కాసేపు నిల్వ ఉంచే బఫర్ క్షణికమైన తడబాటును మోస్తుంది గానీ, ఆగని ఆలస్యాన్ని మోయలేదు. ఇక్కడ బరువంతా దాదాపు వీడియోదే, ఆడియోను తగ్గించి లాభం లేదు. వీడియోను కుదించే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో వేగాన్ని నిర్ణయించే ప్రీసెట్‌ను వెరీఫాస్ట్‌కు మార్చండి, చాలకపోతే వీడియో సైజును 1080 నుంచి 720కి, సెకనుకు 60 ఫ్రేములను 30కి దించండి. వేగం పెంచితే అదే బిట్‌రేటులో బొమ్మ కొంత నలుగుతుంది, కాబట్టి కెమెరా కార్డులో విడిగా రికార్డు చేసి, ఇంటికొచ్చాక స్లో ప్రీసెట్‌తో మళ్లీ చేసుకోండి.

లైవ్ ఆగాగి వస్తుంటే లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ముందు స్టాట్స్ చూడండి. ఎన్‌కోడింగ్ ఆలస్యంతో పోయిన ఫ్రేములు పెరుగుతుంటే పైవి చేయాలి. నెట్‌వర్క్ వల్ల పోయినవి పెరుగుతుంటే ప్రీసెట్ మార్చి ప్రయోజనం లేదు, బిట్‌రేటు తగ్గించాలి.