షుగర్ వాళ్ల వంట – పాఠం 4: రొట్టె విరిగింది సరే, జావ సంగతి చూద్దాం

ఈ వారం పుంటికూర (గోంగూర) పప్పు చెప్పాలి. కానీ పోయిన పాఠంలోని జొన్నరొట్టె మీద వచ్చిన ప్రశ్నలు చూశాక దాన్ని పాఠం చివరికి జరిపాను. సగం మందికి రొట్టె విరిగింది. మిగతా వాళ్లకు రొట్టె బాగానే వచ్చింది, షుగర్ మాత్రం దిగలేదు.

విరగడానికి కారణం ఎక్కువగా నీళ్లే. గోధుమపిండిని పట్టి ఉంచే గ్లూటెన్ జొన్నపిండిలో ఉండదు. బాగా మరిగే నీళ్లు పోస్తేనే పిండి కాస్త ఉడికి జిగురొస్తుంది. గోరువెచ్చని నీళ్లతో కలిపి నన్ను అడగొద్దు. పిండి పాతదైనా విరుగుతుంది, పైగా చేదు. కొంచెం కొంచెంగా గిర్నీ పట్టించుకోండి. ముద్దంతా ఒకేసారి పిసికి పెట్టకుండా, ఏ రొట్టెకు ఆ రొట్టెకు అరచేత్తో గట్టిగా పిసుక్కోండి. కాల్చడం మీకు తెలిసిందే.

ఇక షుగర్ దిగని వాళ్లు. ఒకావిడ నాలుగు రొట్టెలు తిని, "అన్నం తిన్నట్టే లేదు" అని పైన గిన్నెడు అన్నం కూడా తిన్నారట. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, జొన్నల్లో 68 దాకా ఉంటుంది. పెద్ద తేడా లేదు. తేడా అంతా పీచులో ఉంది: జొన్నల్లో దాదాపు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో మూడు లోపే. అందుకే అన్నం బదులు రొట్టె తినాలి, అన్నంతో పాటు కాదు. మామూలు సైజువి రెండు చాలు, పక్కన కూర మాత్రం పళ్లెంలో సగం ఉండాలి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా తిండి ఒక్కసారిగా తగ్గించొద్దు, కళ్లు తిరిగి పడిపోతారు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం, జావ. పొద్దున్నే వరంగల్ భద్రకాళి బండ్ మీద నడిచి, చెమట ఆరకముందే ఓ పెద్ద గ్లాసు రాగిజావ తాగేస్తారు. "షుగర్‌కు మంచిదట" అంటారు. రాగులు మంచివే. కానీ వాటిని మెత్తగా విసిరి, పొట్టు పోయేలా జల్లించి, బోలెడు నీళ్లలో ఉడకబెట్టి పలచగా తాగితే అరగడానికి ఇక మిగిలిందేముంది? నమలేది లేదు, పొట్టలో నిలిచేది లేదు. షుగర్ గబగబా ఎక్కుతుంది. అందులో బెల్లం వేసి "చక్కెర వెయ్యలేదు కదా" అనేవాళ్లూ ఉన్నారు. బెల్లం కూడా చెరుకు చక్కెరే, కాకపోతే రంగుది. ఉప్పు, మజ్జిగ కలిపినా పిండి మెత్తదనం మెత్తదనమే. మజ్జిగ వల్ల కాస్త నయం, అంతే. కొర్ర జావ, సామ జావ, పొడి ప్యాకెట్ల జావ, అన్నిటికీ ఇదే మాట.

జావ బదులు గట్క చేసుకోండి. జొన్నరవ్వ ఒక గ్లాసుకు నీళ్లు మూడు గ్లాసులు, ఉప్పు. గంటె నిలబడేంత గట్టిగా ఉడికించండి. పలుకు పెద్దది కాబట్టి నమలాలి, మెల్లగా అరుగుతుంది. అయినా ఒక్కరికి చిన్న గిన్నెడే. మక్క గట్క కూడా చేయొచ్చు, నాకు మాత్రం జొన్నదే రుచి. ఏదో ఒక పప్పు లేకుండా గట్క తినొద్దు.

ఆ పప్పు పుంటికూరదైతే ఇంకా మంచిది. గ్లాసు కందిపప్పుకు రెండు పెద్ద కట్టలు, ఆకు ఎక్కువగా కనబడాలి. ఎర్ర కాడలది పులుపు బాగుంటుంది, చింతపండు అక్కర్లేదు. పచ్చిమిర్చి వేసి ఉడికించి, చెంచా నూనెలో ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టండి. ముందు నాలుగు ముద్దలు ఉత్త పప్పూకూరా తిని, తర్వాత గట్క కలుపుకోండి. ఈ వరుసలో తింటే తిన్నాక షుగర్ తక్కువ ఎక్కుతుంది.

అభ్యాసం: ఇంట్లో షుగర్ మిషన్ ఉన్నవాళ్లు ఒకరోజు పొద్దున మీరు ఎప్పుడూ తాగే జావే తాగి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసుకోండి. ఇంకో రోజు అంతే పిండికి సమానంగా రవ్వ తూచి, గట్క, పప్పు తిని అదే టైమ్‌కు చూసుకోండి. రెండు రోజులూ నడక, మందులు ఒకేలా ఉండాలి. స్ట్రిప్పులు ఖరీదని తెలుసు, అందుకే రెండే అడిగాను. రెండు అంకెలూ రాసి పంపండి. వచ్చే వారం సర్వపిండి, బియ్యప్పిండి సగానికి తగ్గించి చేస్తాం. లేత సొరకాయ ఒకటి చూసిపెట్టుకోండి.