వానలు మొదలయ్యేలోపు గోడ అల్మారాకి చెక్క తలుపు చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

చేత్తో చేసిన అల్మారాల్లో బాక్స్ ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది, చెడేది తలుపే. మే నెలలో చక్కగా మూసుకున్న తలుపు ఆగస్టులో పట్టేస్తుంది, లేదా ఫ్రేమ్ మూలల్లో జాయింట్లు విచ్చుకుంటాయి. కార్పెంటర్ పని బాగా చేయలేదని అనుకుంటాం గానీ, చాలాసార్లు అసలు కారణం మధ్య పలకకు కదిలే చోటు ఇవ్వకపోవడం.

చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 8 శాతం నుంచి 13 శాతానికి పెరిగితే, కోసిన తీరును బట్టి సుమారు 3 మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది. హైదరాబాద్ ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో, వానాకాలంలో అదే గది ఎంత చెమ్మగా ఉంటుందో మనకు తెలిసిందే కదా. అందుకే ఏ నెలలో చేస్తున్నారో చూసుకుని, ఫ్రేమ్‌లో పలక అంచు కూర్చునే గాడిలో ఖాళీ వదలండి. నిలువు బద్దల్లో గాడి 10 మిల్లీమీటర్ల లోతు ఉందనుకోండి: ఇప్పుడు, అంటే ఎండల్లో చేస్తుంటే, పలక అంచు ప్రతి వైపూ 7 మిల్లీమీటర్లే లోపలికి వెళ్లేలా కోయండి, మిగతా 3 అది ఉబ్బడానికి. అదే ఆగస్టులో చేస్తే పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది కాబట్టి 1 మిల్లీమీటర్ వదిలితే చాలు, లేకపోతే వచ్చే వేసవికి కుంచించుకుపోయి గాడిలో అంచుకు పట్టు తగ్గుతుంది. పలక చుట్టూ ఫెవికాల్ పూయొద్దు, మేకులూ కొట్టొద్దు! కదలకుండా ఉండాలంటే పైన, కింద అడ్డ బద్దల దగ్గర సరిగ్గా మధ్యలో ఒక్కో చుక్క గమ్ వేయండి, చాలు. గమ్ అంతా మూలల జాయింట్లకే, అది కూడా రాత్రంతా క్లాంపుల్లో ఉంచాలి.

ముషీరాబాద్ టింబర్ డిపోల నుంచి తెచ్చిన చెక్క "ఎండినదే" అని చెప్పినా వెంటనే కోయకండి. ఫర్నిచర్‌కి 10 నుంచి 12 శాతం తేమ ఉంటే మంచిది. తేమ కొలిచే మీటర్ లేకపోతే పలకను తూకం వేసి, గదిలో మధ్యమధ్య బద్దలు పెట్టి పేర్చి, కొన్ని రోజులకోసారి మళ్లీ తూచండి, బరువు తగ్గడం ఆగిపోతే సరే. ఎండలో మాత్రం పెట్టొద్దు, చివర్లు పగులుతాయి.

పాలిష్ విషయంలో రెండు మాటలు. పలకకు రెండు వైపులా, అంచులకూ, ఫ్రేమ్‌లో బిగించక ముందే పూయాలి. బయటివైపే పూసి వదిలేస్తే లోపలివైపు ఎక్కువ తేమ పీల్చుకుని పలక వంగుతుంది. వాన పడుతున్న రోజు లక్క పాలిష్ వేస్తే తెల్లటి మసక కమ్ముతుంది, ఆ రోజు మానుకోండి. అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నిజంగానే. పరిచి ఆరబెట్టండి లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఇక మెషీన్ల దగ్గర. కరెంటు పోయిందంటే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీయండి. సగం కోసిన చెక్కను రంపంలోనే వదిలి పక్కకు వెళ్తే, కరెంటు రాగానే అది దానంతట అదే తిరుగుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు, దయచేసి పట్టించుకోండి. తిరిగే బ్లేడ్ దగ్గర గ్లౌజులు వద్దు. చిన్న ముక్కల్ని చేత్తో తోయకండి, పుల్లతో తోయండి. బాల్కనీలో పనిచేస్తుంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తడి నేల మీద పెట్టొద్దు. టేకు పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, ఊపిరి తిత్తులకూ మంచిది కాదు, మాస్క్ పెట్టుకోండి, అదీ ఎన్95.

బిగించేటప్పుడు రాణీగంజ్‌లో దొరికే ఇత్తడి మడత బందులు బాగుంటాయి, కానీ ఇత్తడి స్క్రూలు టేకులో సులువుగా విరుగుతాయి. ముందు సన్న రంధ్రం వేసి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి తిప్పి తీసి, తర్వాత ఇత్తడిది కొంచెం సబ్బు రాసి బిగించండి. తలుపు చుట్టూ ఇప్పుడు 2 మిల్లీమీటర్ల సందు ఉంచండి. బాత్రూం వెనక గోడకో, వాన కొట్టే బయటి గోడకో అల్మారా ఆనించాల్సి వస్తే వెనక సన్న బద్దలు పెట్టి కొంచెం గాలి ఆడనివ్వండి.