బరువు తగ్గించే ఆపరేషన్‌కి వెళ్లేముందు, ఇంటికొచ్చాక

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆపరేషన్ నాటికి బరువు 112 కిలోలు. మూడేళ్లయింది, ఇప్పుడు 74. భయపడుతూ అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆపరేషన్ గురించి పడే టెన్షన్‌లో సగమైనా ఇంటికొచ్చాక తినే తిండి మీద పెట్టండి.

ముందు మీకు అవసరమో కాదో చూసుకోండి. బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. నాది 45 దాకా ఉండేది. 35 దాటినవాళ్లకి ఈ సర్జరీ చేయించుకోమని చెప్పొచ్చని, మన ఆసియావాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించొచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. ఇన్సూరెన్స్ లెక్క వేరు. 40 ఉండాలి, లేదా 35తో పాటు అదుపులో లేని షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండాలి. డైట్లు ప్రయత్నించిన పాత కాగితాలు పారేయకండి, ఇన్సూరెన్స్‌కి చూపించాల్సి రావచ్చు.

నాకు చేసింది స్లీవ్. అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతు కంటే ఎక్కువే కోసి తీసేస్తారు, మళ్లీ అతికించేది లేదు. గుండెల్లో మంట బాగా ఉంటే స్లీవ్‌తో అది పెరగొచ్చు, అలాంటివాళ్లకి గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకి చేసేది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపేది) నయం. ఈ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

ప్రాణభయమా? అనుభవమున్న చోట నెలలోపు మరణాలు వెయ్యిలో ఒకటి, దాదాపు గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌తో సమానం. అయినా లోపల కుట్ల దగ్గర లీక్, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం జరగొచ్చు. ఇంటికొచ్చాక గుండె దడ తగ్గకపోయినా, జ్వరం, కడుపునొప్పి, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటి రెండు వారాలు ద్రవాలే. దగ్గు మందు సీసా మీద వచ్చే చిన్న మూతుంటుంది చూడండి, దాంతోనే తాగాను. ఒక మూత పలచని మజ్జిగ గుక్క గుక్కగా తాగడానికి పది నిమిషాలు పట్టేది. తర్వాత మెత్తటి పప్పు, ఆ తర్వాత ఇడ్లీ. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగండి. "ఇంకొక్క ముద్ద తినమ్మా" అని మా అత్తయ్య ప్రేమగా పెడితే కాదనలేక తిని, రాత్రంతా వాంతులు చేసుకున్నాను. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, అందుకే ప్రోటీన్ పౌడర్ రాసిస్తారు.

విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. బాగానే ఉన్నాను కదా అని రెండో ఏడాది మానేశాను. కొన్ని నెలలకి అరికాళ్లు తిమ్మిరెక్కాయి. టెస్టులో బి12 బాగా పడిపోయింది, ఇంజెక్షన్లు పడ్డాయి. ఇప్పుడు మాత్రల డబ్బా ఉప్పు జాడీ పక్కనే పెట్టుకుంటున్నాను.

లాభం మాటకొస్తే, షుగర్ మాత్రలు రెండు నెలల్లో ఆపించారు. అందరికీ అలా జరగదు, పాత షుగర్ అయితే తిరిగి రావచ్చు కూడా. తెనాలి స్టేషన్లో వంతెన మెట్లు ఆగకుండా ఎక్కిన రోజు పైన నిలబడి ఏడ్చాను.

పెళ్లయిన అమ్మాయిలకి ఒక మాట: బరువు తగ్గాక గర్భం తొందరగా నిలవచ్చు. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు ఆగమంటారు, అప్పటిదాకా గర్భం రాకుండా ఏ జాగ్రత్త వాడాలో ఆపరేషన్‌కి ముందే అడిగి పెట్టుకోండి.