విరామం తర్వాత మళ్లీ విమానం నడపబోయే శిక్షణార్థులకు జాగ్రత్తలు

సిరోంచ, రాజురా, బల్లార్షా వైపు తెలుగు కుటుంబాల నుంచి పైలట్ శిక్షణకు వెళ్లిన విద్యార్థులు వానల వల్లనో, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షల వల్లనో, ఫీజు సర్దుబాటు కాకనో కొన్ని నెలలు విమానానికి దూరం కావలసి రావడం మామూలే. అలాంటి విరామం తర్వాత గోందియా దగ్గరి బిర్సీ వంటి శిక్షణ మైదానానికి తిరిగి చేరిన మొదటి వారంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. కాసేపు ఎగరగానే చేయి పాత అలవాటుకు వచ్చినట్టే ఉంటుంది గానీ, వేగం తగ్గుతున్న సంగతిని పసిగట్టే చూపు, చెక్‌లిస్టులో దాటిపోయిన అంశాన్ని పట్టుకునే నిదానం అంత త్వరగా తిరిగి రావు.

కాబట్టి ఎన్నాళ్లుగా ఎగరలేదో ఇన్‌స్ట్రక్టరుకు దాచకుండా చెప్పండి. తోటివాళ్లు ముందుకు వెళ్లిపోయారనో, ఇంట్లోవాళ్లు ఇంకా ఎంతకాలమని అడుగుతున్నారనో సోలోకు, అంటే ఒంటరిగా విమానం నడపడానికి, తొందరపడవద్దు. మెడికల్, లైసెన్సు గడువులు ముందే చూసుకోండి. మైదానానికి వెళ్లకముందే గదిలో కుర్చీలో కూర్చుని, చేతులు కదుపుతూ చెక్‌లిస్టును, అత్యవసర చర్యలను, రేడియోలో పలకవలసిన మాటలను పైకి చదివితే మొదటి సార్టీలో (ఒక విడత ఎగరడంలో) తడబాటు బాగా తగ్గుతుంది.

వానాకాలమంతా నిలిచి ఉన్న విమానాన్ని బయటి నుంచి తనిఖీ చేసేటప్పుడు ఇంధనానిదే పెద్ద పని. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. సెస్నా 172ఎస్ శిక్షణ విమానంలో డ్రెయిన్ చేయవలసిన (కొంచెం ఇంధనాన్ని కప్పులోకి తీసి చూడవలసిన) చోట్లు 13 ఉన్నాయి, ఒక్కటి కూడా వదలకూడదు. కప్పులో పట్టిన నమూనాను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే నీరు అడుగున గుండ్రంగా, వేరుగా కనిపిస్తుంది. కప్పు నిండా నీరే వచ్చినప్పుడు మాత్రం వేరుపడే గీత ఉండదు కనుక, తేటగా ఉందని మోసపోయే ప్రమాదముంది. 100ఎల్ఎల్ పెట్రోలుకు ఉండే నీలి రంగు, వాసన రెండూ ఉన్నాయని తేల్చుకున్నాకే కదలాలి. వేగం కొలిచే పిటో గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కట్టాయేమో, ఇంజను మూత కింద పిట్టలు గడ్డి చేర్చాయేమో చూడటం మరవకండి.

మొదటి సార్టీలోనే ల్యాండింగుల మీద పడటం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఇన్‌స్ట్రక్టరును పక్కన కూర్చోబెట్టుకొని, నేలకు కనీసం 3,000 అడుగుల పైన, ముందుగా నెమ్మది వేగంలో విమానాన్ని నడపడం, ఆ తర్వాత స్టాల్ (రెక్కల మీద గాలి ప్రవాహం చెదిరి విమానాన్ని మోసే శక్తి పడిపోవడం) నుంచి బయటపడటం సాధన చేయాలి. స్టాల్ అవుతోందనగానే ముక్కు దించి రెక్కల దాడి కోణాన్ని (ఎదురొచ్చే గాలితో రెక్క చేసే కోణాన్ని) తగ్గించడం మొదటి పని, పూర్తి పవర్ ఇవ్వడం, రడ్డరుతో (కాళ్లతో నడిపే తోక చుక్కానితో) విమానం పక్కకు తిరగకుండా ఆపడం, రెక్కలను సమం చేయడం దాని వెంటనే జరగాలి. విరామం తర్వాత కాళ్లు రడ్డరును మరచిపోవడం సర్వసాధారణం.

ఈ సాధనను సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగి దిగే సాధన) కన్నా ముందు పెట్టడానికి కారణం బేస్ (రన్‌వేకు అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్‌కు (రన్‌వేకు సూటిగా దిగే దారికి) తిరిగే మలుపు. వెనక నుంచి గాలి తోసి రన్‌వేకు సూటిగా సాగే ఊహాగీతను దాటిపోయినప్పుడు, అలవాటు తప్పిన విద్యార్థి వంపు ఎక్కువ చేయడానికి భయపడి రడ్డరుతో ముక్కును లోపలికి లాగుతాడు, ఎత్తు పోతోందని యోకును (చేతిలోని స్టీరింగును) వెనక్కి లాగుతాడు. ఎత్తు కోల్పోకుండా 45 డిగ్రీల వంపులో తిరిగినప్పుడు స్టాల్ వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. దానికి తోడు రడ్డరు తప్పితే విమానం గిరగిరా తిరుగుతూ కిందికి జారే స్పిన్‌లోకి పడిపోతుంది, ఆ ఎత్తులో కోలుకోవడానికి చోటు ఉండదు. గీత దాటిందంటే మలుపును సరిచేయాలని పెనుగులాడకుండా గో అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవండి. అందులోనూ పవర్ ఇచ్చాక ఫ్లాప్స్‌ను (రెక్కల వెనక అంచున దించే పలకలను) ఒకేసారి మొత్తం ఎత్తకుండా, వేగం పెరిగే కొద్దీ మెట్లుమెట్లుగా ఎత్తాలి.

విరామం వేసవిలో ముగిస్తే ఎండ మరో చిక్కు తెస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1,000 అడుగుల ఎత్తున్న గోందియాలో 42 డిగ్రీల ఎండ కాస్తే, విమానానికి అది దాదాపు 4,500 అడుగుల ఎత్తులోని పలుచని గాలితో సమానం. టేకాఫ్ పరుగు పొడుగవుతుంది, ఎక్కడం మందగిస్తుంది. ఫైనల్‌లో వేగం మీటరు 65 నాట్లు చూపుతున్నా విమానం నిజానికి సుమారు 70 నాట్లతో కదులుతుంటుంది. నేల వేగంగా జరిగిపోతోందని కంగారుపడి వేగం తగ్గించవద్దు, మీటరు చెప్పిన 65 నాట్లనే నిలబెట్టాలి. తెల్లవారుజామున ఎగరడం అన్ని విధాలా మేలు.

ఇంజను ఆగితే దిగే చోటును కూడా కొత్తగా వెతుక్కోవాలి. గోందియా చుట్టూ వరి మళ్లే ఎక్కువ. ఏప్రిల్‌లో గట్టిగా కనిపించిన పొలం అక్టోబరులో బురదతో ముందు చక్రాన్ని పట్టేస్తుంది, దిగే దారికి అడ్డంగా గట్లు ఉంటే విమానం తిరగబడుతుంది. తడి మళ్లలో కొంగలు, ఆకాశంలో గద్దలు తిరుగుతుంటాయి. మొదటి డ్యూయల్ సార్టీలో ఇన్‌స్ట్రక్టరుతో కలిసి ఎత్తు నుంచి పొలాలను పరిశీలించి, ఆ నెలలో ఆరిన నేల ఏ వైపున ఉందో, గట్లు ఏ దిక్కుగా ఉన్నాయో గుర్తుపెట్టుకొని, దిగాక మ్యాపు మీద వేసుకోండి.