కోనసీమలో మీ ఇంటిని హోమ్‌స్టేగా ఇవ్వడం ఎలా?

సంక్రాంతి వచ్చిందంటే భీమవరం, అమలాపురం చుట్టుపక్కల లాడ్జీల్లో గది దొరకడం గగనం. పిల్లలంతా ఊళ్ళు దాటిపోయి, పెద్ద మండువా లోగిలిలో ఇద్దరే మిగిలిన వాళ్ళకి రెండు గదులు అద్దెకిద్దామనిపించేది అప్పుడే. ఇవ్వొచ్చు. కాకపోతే యాప్‌లో ఫొటోలు పెట్టడం ఆఖరి పని.

ముందు ఇల్లు ఏ నేల మీద ఉందో చూడండి. అసలు చిక్కంతా ఇక్కడే. కాలవ గట్టు మీద వేసిన షెడ్డు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ నేల ప్రభుత్వానిది, దాని జోలికి పోకండి. అంతర్వేది, ఓడలరేవు సముద్రతీరంలోనే కాదు, ఆటుపోట్లు తగిలే గోదావరి పాయల ఒడ్డున కూడా సీఆర్‌జెడ్ నిబంధనలు, అంటే తీరప్రాంత కట్టడాల మీద కేంద్రం పెట్టిన ఆంక్షలు, ఉన్నాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం తీరగ్రామాల్లో మత్స్యకారులతో సహా స్థానికులు తమ ఇళ్ళలో హోమ్‌స్టే నడుపుకోవచ్చు. అయితే ఉన్న ఇంటి పునాది విస్తీర్ణం, నమూనా, ముందుభాగం మార్చకూడదు. అంటే పెంకుటిల్లు ఇవ్వొచ్చు గానీ, పక్క కొబ్బరితోటలో కొత్త కాటేజీలు లేపితే కథ వేరు. నన్నడిగితే కట్టకపోవడమే మేలు, పట్నం వాళ్ళు వచ్చేదే ఆ మండువా కోసం.

తర్వాత పంచాయతీ కార్యదర్శి దగ్గరికి. ఇంటిపన్ను బకాయి తీర్చేసి, వ్యాపార లైసెన్సు కావాలా అని కాగితం మీద అడగండి. నోటిమాట నమ్ముకుంటే, కార్యదర్శి బదిలీ అయిన రోజున అదీ ఆయన వెంటే పోతుంది. పట్టణమైతే మున్సిపాలిటీలో అడగాలి. ఇంటి కరెంటు కనెక్షన్ మీదే నడపొచ్చా, కమర్షియల్‌కి మార్చాలా అన్నది కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళనీ ఇలాగే అడగండి. భోజనం పెడితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు కావాలంటే యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. గదులు 6, మంచాలు 12 దాటకూడదు. తాళంచెవి పాలేరుకిచ్చి హైదరాబాద్ నుంచి నడుపుదామనుకునేవాళ్ళు ఈ పథకంలోకి రారు. పన్ను సంగతికొస్తే, ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. యాప్ ద్వారా వచ్చిన బుకింగ్‌లకి ఆ సంస్థే కడుతుంది.

అతిథుల పుస్తకం మాత్రం మొదటి రోజు నుంచీ రాయండి: పేరు, చిరునామా, ఫోను, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ. అంకెలు కొంత దాచిన మాస్క్‌డ్ ఆధార్ చాలు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం పంపాలి. దీన్నే ఇదివరకు సి-ఫారం అనేవారు. అమెరికా పాస్‌పోర్టుతో వచ్చిన మన తెలుగువాళ్ళయినా సరే, మొహమాటపడకండి.

ఇక పండగ బుకింగ్‌లు. కోడిపందేలకొచ్చిన బృందం రాత్రికి మీ వసారాలోనే పేకాటకి కూర్చుంటే, 1974 గేమింగ్ చట్టం కింద ఆడినవాళ్ళతోపాటు తెలిసి ఇల్లిచ్చిన మీకూ కేసే. లైసెన్సు లేకుండా మందు అమ్మడమూ నేరమే. అందుకని అడ్వాన్సు తీసుకునే ముందే వాట్సాప్‌లో ఈ మాటలు పంపి, ‘సరే’ అన్న జవాబు వచ్చాకే గది ఖాయం చేయండి: ‘ఇంట్లో పేకాట, పందేలు కుదరవు. అందరి గుర్తింపు కార్డులూ చూపాలి. పేరు రాయించని వాళ్ళు రాత్రి ఉండకూడదు.’