గోల్డెన్ రిట్రీవర్‌కి ఎండాకాలం గుండు వద్దు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, మణికొండ, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో గోల్డెన్ రిట్రీవర్ కుక్కలు గుండుతో కనిపిస్తాయి. పాపం ఎండకు తట్టుకోలేదని చేయిస్తారు గానీ, మేలు కన్నా కీడే ఎక్కువ.

దాని వీపు మీద వెంట్రుకలు పాయ తీసి చూడండి. పైన నీళ్లు జారిపోయే పొడుగు వెంట్రుకలు, కింద చర్మానికి అంటుకుని లేత రంగులో దూదిలాంటి పొర. ఈ జాతి పుట్టిల్లు స్కాట్లాండ్ కొండలు. తర్వాత లార్డ్ ట్వీడ్‌మౌత్ అయిన ఒక దొర 1868లో నౌస్ అనే పసుపు రిట్రీవర్‌కీ బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి కుక్కకీ పిల్లలు పుట్టించి దీనికి పునాది వేశాడు. వేటలో పడిన పక్షుల్ని చన్నీళ్లలోంచి నోట కరుచుకుని తేవడం దీని పని. ఆ రెండు పొరల కోటు అందుకే.

మన దగ్గరేమో ఆ పై పొర ఎండ నేరుగా కుక్క చర్మానికి తగలకుండా అడ్డు. గీసేస్తే మళ్లీ అలాగే వస్తుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి అండర్‌కోట్ రేక్‌తో, అంటే కింది పొరను దువ్వే దువ్వెనతో, వారానికి రెండు మూడుసార్లు దువ్వి, ఊడిన దూదిని తీసేయండి. చెవుల వెనక, తొడల వెనక చిక్కులు ఎక్కువ, అక్కడ నిదానంగా. కత్తెర పాదాల వేళ్ల మధ్య వెంట్రుకల వరకే. వాకింగ్ తెల్లవారుజామునే కానివ్వండి.

అన్నట్టు, కుక్కపిల్లని కొనేటప్పుడు చెవుల రంగు చూడండి. పెద్దయ్యాక ఒళ్లు దాదాపు ఆ రంగుకే తిరుగుతుంది.