చెక్క దుమ్ము, సొన పడనివాళ్లు పని మానేయక్కర్లేదు: మా షెడ్డులో పాటించే పద్ధతి

మా కోనసీమలో వడ్రంగి పనివాడికి ఒళ్లు దురద పెడితే ముందుగా వచ్చే మాట, "వేడి చేసిందండి". మజ్జిగ తాగుతారు, సబ్జా గింజలు నానబెట్టుకుంటారు, కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్లీ అదే చెక్క ముందు కూర్చుంటారు. ఎండాకాలం చెమటకాయలు అందరికీ వస్తాయి కాబట్టి ఆ మాట నమ్మబుద్ధవుతుంది కూడా. కానీ చాలాసార్లు అది వేడి కాదు, చెక్క. ఏ చెక్కో కనిపెడితే సగం బాధ తీరినట్టే. రాజోలు వైపు నాకో షెడ్డు ఉంది. గుమ్మాలు, తలుపులు, మంచాలు మా పని. పని నేర్చుకోవడానికొచ్చే కుర్రాళ్లకు ఉలి ఇవ్వకముందే ఈ సంగతులు చెప్తాను.

ముందు తేడా తెలియాలి. చెక్క కోసిన రోజే షెడ్డులో ఉన్నవాళ్లందరికీ తుమ్ములు, కళ్ల మంట వచ్చాయంటే అది దుమ్ము రేపిన మంట. కడుక్కుని బయట గాలిలో కూర్చుంటే తగ్గుతుంది. పడకపోవడం వేరు. అది ఒకడికి వస్తుంది, పక్కవాడు హాయిగా ఉంటాడు. మొదటిసారి ముట్టుకున్నప్పుడు ఏమీ కాదు. ఒళ్లు ఆ చెక్కను గుర్తుపట్టడానికి వారం పది రోజులు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఒకసారి గుర్తుపట్టాక మాత్రం మర్చిపోదు. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజులకు దద్దుర్లు లేస్తాయి. జనం పొరబడేది ఇక్కడే. సోమవారం టేకు రెక్క రుద్దితే బుధవారం ఒళ్లు పొక్కుతుంది. బుధవారం చేతిలో ఉన్నది వేప చెక్క కాబట్టి నింద వేప మీద పడుతుంది. "ఇరవయ్యేళ్ల నుంచి టేకులోనే బతుకుతున్నానండి, ఇప్పుడెందుకు పడదు?" అని పెద్ద మేస్త్రీలు వాదిస్తారు. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా మొదలవుతుంది, బాబాయ్.

దద్దుర్లు ఎక్కడ లేచాయో చూడండి. ఉప్పు కాగితంతో టేకు రుద్దుతున్న కుర్రాణ్ణి దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. గోధుమరంగు పిండి మోచేతి మడతలో చెమటకు తడిసి ముద్దవుతుంది, మెడ ముడతల్లో సన్నని గీతల్లా పేరుకుంటుంది, చొక్కా కాలరు కింద, మొలతాడు దగ్గర నిలిచిపోతుంది. పొక్కులు లేచేదీ అక్కడే. అన్నిటికంటే ముందు కనురెప్పలు వాస్తాయి, అక్కడి చర్మం బాగా పల్చన. ఎండవల్ల వచ్చినదైతే రెప్పల మీద, గడ్డం కింద, చెవుల వెనక పెద్దగా ఉండదు. గాలిలో తేలే దుమ్ము ఆ చోట్లను కూడా వదలదు. మొహం చూసి చెక్కా ఎండా అని తేల్చుకోవడానికి నాకు బాగా పనికొచ్చే గుర్తు ఇదే.

ఇక చెక్కల సంగతి. టేకు చేవలో, అంటే నడిమి ముదురు చెక్కలో, చెదను దగ్గరికి రానివ్వని పదార్థాలుంటాయి. క్వినోన్లు అంటారు వాటిని. మన చర్మానికి పడనివి కూడా వాటిలోనే ఉన్నాయి. అందుకే పైనుండే తెల్ల చెక్కకంటే చేవతో చిక్కు ఎక్కువ. నీలంబూరుదైనా, బర్మాదైనా, ఘనాదైనా టేకు టేకే. ఇరుగుడు, అదే రోజ్‌వుడ్, ఇంకా గట్టిది. మెట్ట అడవుల నుంచి వచ్చే బిల్లుడు కర్రకు కూడా చర్మాన్ని పొక్కించే పేరుంది. ఇవన్నీ ఎండిన చెక్కలే, పొడి దుమ్ముతోనే పని చెడగొడతాయి.

సొన కథ వేరు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబం. మూడింటి సొనలోనూ ఒంటిని కాల్చే నూనెలాంటి పదార్థం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కాబట్టి ఒకటి పడనివాడికి మిగతా రెండూ పడకపోయే అవకాశం ఎక్కువ. వేసవిలో మామిడికాయ సొన తగిలి మూతి చుట్టూ పొక్కే మనిషిని నేను జీడిమామిడి దుంగ దగ్గరికి పంపను. మోరి వైపు జీడిగింజలు వలిచే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకు దాని కోపం తెలుసు. సెంట్రింగ్ చెక్కలకు పచ్చి మామిడి దుంగ కోయించేటప్పుడు సామిల్లులో దగ్గర నిలబడకండి. బెరడు తీసి బాగా ఆరిన మామిడి అంత బాధపెట్టదు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో తిల్ల చెట్టుంది. దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు, ఒంటి మీద పడితే బొబ్బలే. 1978 నుంచి ఆ అడవి అభయారణ్యం, అక్కడ కర్ర కొట్టకూడదు. ఏటిలో కొట్టుకొచ్చిన పచ్చి కొమ్మనైనా తెలియకుండా నరకొద్దు.

ప్రతిసారీ చెక్కదే తప్పనుకోకండి, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక), ప్లైవుడ్ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పీయూ (పాలీయురెథేన్) పాలిష్‌లో కలిపే హార్డెనర్ ఆయాసం తెప్పించగలదు. పాలిష్ కొట్టే రోజున తలుపులన్నీ తెరిచే ఉండాలి.

ఏది పడట్లేదో కనిపెట్టడానికి మా షెడ్డులో గోడ క్యాలెండరే ఆధారం. ఆ రోజు ఏ చెక్క మీద పని చేశామో గడిలో పెన్సిల్‌తో రాస్తాం: టేకు, రుద్దడం. వేప, కోత. ఎవరికైనా దద్దుర్లొస్తే ఆ రోజు గడి కాదు, అంతకు ముందు మూడు గడులు చూస్తాం. రెండు మూడుసార్లు ఒకే పేరు తగిలితే దొంగ దొరికినట్టే.

దుమ్ము తగ్గించడమే అసలు మందు. చిత్రిక పట్టినప్పుడు పొట్టు చుట్టలుగా రాలి కాళ్ల దగ్గరే పడుతుంది. శాండర్ దుమ్ము పిండిలా గాలిలో గంటల తరబడి తేలుతుంది. అందుకే చిత్రికతో నున్నగా తేలే పనికి నేను శాండర్ తీయనివ్వను. శాండర్ తీసినప్పుడు దానికి సంచి గానీ వాక్యూమ్ గొట్టం గానీ ఉండాలి, వీలైతే ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. సాయంత్రం బ్లోయర్ పెట్టి షెడ్డు ఊదడం మా దగ్గర నిషేధం. కిందపడ్డ దుమ్మును మళ్లీ ముక్కులోకి పంపడమే అది. కరెంటు మిషన్లకు దూరంగా నేల మీద నీళ్లు చిలకరించి ఊడుస్తాం.

మొహానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, సన్నదుమ్ము గుడ్డలోంచి దూరిపోతుంది. ఎన్95 మాస్కు, ముక్కు దగ్గర తీగ నొక్కి, అంచులు అంటుకునేలా పెట్టుకోవాలి. గుబురు గడ్డం ఉంటే అది అంటుకోదు. మాస్కు ఖరీదు పనివాడి కూలిలో కోయకూడదు, ఇది యజమానులందరికీ చెప్తున్నాను. గ్లవ్స్ పచ్చి దుంగలు మోసేటప్పుడు, పాలిష్‌కు వేసుకోండి. తిరిగే రంపం, రౌటర్, డ్రిల్లు దగ్గర మాత్రం వద్దు. గ్లవ్ చిక్కుకుంటే చెయ్యే పోతుంది. అక్కడ మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే పొడుగు చేతుల చొక్కా చాలు.

దుమ్ము పనికి ముందు ఒంటికి నూనె రాసుకోవడం నాకిష్టం లేదు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. భోజనానికి ముందు చేతులు, మెడ, మొహం సబ్బుతో కడగాలి. ఒంటేలుకు వెళ్లే ముందు కూడా కడగాలి, తర్వాత మాత్రమే కాదు. చెప్పడానికి మొహమాటపడతారు గానీ మర్మావయవాల దగ్గర వాపుతో బాధపడేవాళ్లలో చాలామందికి చేతికున్న దుమ్మే కారణం. ఇంటికెళ్లగానే స్నానం. పని బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

సొన పడిందా, నిమిషాల్లో సబ్బుతో, చల్లటి నీళ్లతో కడిగేయండి. థిన్నరు, కిరోసిన్ పోసి రుద్దడం చూస్తుంటాను, దాంతో చర్మం ఇంకా చెడుతుంది. కంట్లో పడితే పావుగంటకు పైగా మంచినీళ్లు ధారగా పోసి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి. దద్దుర్లకు తడిగుడ్డ, కాలమైన్ లోషన్ ఉపశమనమిస్తాయి. రసి కారుతున్నా, మొహం వాచినా డాక్టరుకు చూపించాల్సిందే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే, మూడు మందులు కలిపిన ట్యూబు వద్దు. అందులో గట్టి స్టెరాయిడ్ ఉండొచ్చు. మొహానికి, గజ్జలకు నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది.

చర్మం కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఊపిరి. పని రోజుల్లో రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజుల్లో తగ్గుతున్నాయంటే ఉబ్బసం మొదలైందేమో చూపించుకోవాలి. ఎంత తొందరగా ఆ దుమ్ముకు దూరమైతే అంత మేలు. నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేయండి, ఇంట్లో కషాయాలతో కాలయాపన వద్దు. ఇంకొకటి: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఆ క్యాన్సర్ ముఖ్యంగా ముక్కు లోపల వస్తుంది. ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక వైపు ముక్కే మూసుకుపోతున్నా, రక్తం పడుతున్నా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

పడని చెక్క తేలాక కుర్రాణ్ణి పనిలోంచి తీసేయకండి. టేకు పడనివాడు వేప మంచాలు చేయగలడు, బిగింపులు, కొలతలు చూడగలడు. ఖాయంగా తేల్చుకోవాలంటే చర్మవ్యాధుల డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్ట్ ఉంది. అనుమానమున్న పదార్థాలు కొద్దికొద్దిగా వీపు మీద అతికించి రెండు రోజులకు తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు. అన్నాళ్లూ వీపు తడపకూడదు, బరువు పనులు చేయకూడదు కాబట్టి పని ఒత్తిడి లేని వారం చూసుకోండి. ఇంట్లో మీరే దుమ్ము అతికించుకుని చూడొద్దు, కొత్తగా పడకపోవడం మొదలయ్యే ప్రమాదముంది. డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు మీరు వాడే ప్రతి చెక్క పొట్టూ విడివిడిగా పొట్లం కట్టి, పైన పేరు రాసి పట్టుకెళ్లండి. పాలిష్, జిగురు డబ్బాల లేబుళ్లు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆ క్యాలెండర్ కాగితం కూడా మడిచి జేబులో పెట్టుకోండి.